ఆగు, అడిగి చెప్త

ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు. బస్సులో నా పక్క సీట్లో వచ్చి కూర్చున్నా గుర్తుపట్టేదాన్ని కాదు. పేరు కూడా తెలియదు. పేరు అడగకూడదన్నది మా పనిలో మొదటి రూలు. కానీ గొంతు మాత్రం ఏ సంతలో వినిపించినా పట్టుకునేదాన్ని.

మొన్న కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు కోసం కూర్చుంటే నాకే ఒక సర్వే ఫోన్ వచ్చింది. ఎవరో అమ్మాయి, ఊపిరి తీసుకోకుండా చదువుతోంది. మీ ప్రాంతంలో తాగునీటి సరఫరా చాలా బాగుందా, కొంత బాగుందా, బాగాలేదా, అసలు బాగాలేదా అని అడిగింది.

"ఆగు బిడ్డ, అడిగి చెప్త" అన్నాను.

అని ఊరుకోలేదు, పక్కన జామకాయలు అమ్ముకునే ఆమెను అడిగాను కూడా. "మీ దిక్కు నల్లా వస్తున్నదా?"

"వస్తున్నది గని మట్టి కలిసి వస్తున్నది" అంది ఆమె.

"మేడం, మాకు మీ ఒక్కరి అభిప్రాయమే కావాలి" అని అటు పిల్ల గొంతు పెంచింది. అప్పుడు తెలిసింది నా నోట్లోంచి వచ్చింది ఎవరి మాటో. నవ్వు ఆపుకోలేకపోయాను. జామకాయల ఆమె తన గంపను కొంచెం అవతలికి జరుపుకుంది.

ఆయన సంగతి చెప్పాలంటే ముందు నా కొలువు సంగతి చెప్పాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది తల నెరిశాక. అంతకు ముందంతా బీడీలు చుట్టాను. వయోజన విద్య పంతులమ్మ పలక పట్టిస్తే మొదట నా పేరు, తర్వాత బస్సు బోర్డులు, ఆ తర్వాత పేపరు చదివాను. ఇప్పటికీ వేలు పెట్టే చదువుతాను. అందులో సిగ్గుపడేదేమీ లేదు. నాకు కొలువు దొరికింది ఆ వేలితోనే.

ఎన్నికల ముందు జనం ఏమనుకుంటున్నారో ఫోన్లో అడిగే కంపెనీ ఒకటి జగిత్యాలలో, చెప్పుల దుకాణం పైన, ఒక గది కిరాయికి తీసుకుంది. హైదరాబాద్ నుంచి పిల్లలు ఫోన్ చేస్తే మనవాళ్లు బ్యాంకు దొంగలనుకుని పెట్టేస్తున్నారట. మన మాట మాట్లాడే గొంతులు కావాలన్నారు. మా కోడలు పోతానంటే తోడుగా వెళ్లాను. పరీక్ష అని ఒక కాగితం ఇచ్చారు. కోడలు గడగడా చదివింది, మధ్యమధ్య తన సొంత మాటలు నాలుగు చేర్చి. నేను వేలు పెట్టి, ఉన్నది ఉన్నట్టు, కామా ఉన్నచోట ఆగి చదివాను. సూపర్‌వైజర్ నన్ను తీసుకున్నాడు, కోడలిని వద్దన్నాడు. బస్సులో ఇంటికి వచ్చేదాకా అది కిటికీ వైపే చూసింది. ఆ తర్వాత కూడా చాలా రోజులు కిటికీ వైపే చూసింది.

సూపర్‌వైజర్ నా మనవడి వయసు పిల్లాడు. మంచివాడు. ఓపికగా చెప్పాడు. ప్రశ్నలో ఒక్క మాట మారితే జవాబు మారుతుందట. 'పని బాగుందా' అంటే మొహమాటానికి బాగుందంటారట. 'బాగుందంటారా, బాగాలేదంటారా' అంటే కొంచెం ఆలోచిస్తారట. పోటీ చేసేవాళ్ల పేర్లు ఒక్కో ఫోనుకు ఒక్కో వరుసలో కంప్యూటరే మార్చి చూపిస్తుంది, ఎందుకంటే ముందు విన్న పేరునే కొందరు పట్టుకుంటారు. ఎవరికి ఫోన్ చేయాలో కూడా మన చేతిలో లేదు, నంబరును కంప్యూటరే తీస్తుంది. ఆడా మగా, ముసలీ పడుచూ, ఊరూ పట్నమూ ఈ చుట్టుపక్కల జిల్లాల్లో ఎంత పాళ్లలో ఉన్నారో మా జవాబుల్లోనూ అంత పాళ్లలో ఉండాలి. పడుచువాళ్లు దొరుకుతారు. అరవై దాటిన మగవాళ్లను, అందులోనూ సిరిసిల్ల నేతపని వాళ్లను పట్టుకోవడమే కష్టం. వాళ్లకు ఫోన్ మోగింది వినపడదు.

ఇంకొక రూలు ఉంది. 'చెప్పలేను' అన్న జవాబు కంప్యూటర్ తెర మీద చివర ఉంటుంది గానీ దాన్ని బయటికి చదవకూడదు. చదివితే అందరూ దాన్నే పట్టుకుంటారట. మనిషి తనంతట తాను చెప్పలేనంటేనే దాన్ని నొక్కాలి.

ఆయన మొదటిసారి ఫోన్ ఎత్తినప్పుడు మనిషి కంటే ముందు సాంచాలు పలికాయి. సాంచా అంటే సిరిసిల్లలో మరమగ్గం. అవి నడుస్తుంటే పక్క మనిషి అరుపు కూడా గుసగుస లాగే ఉంటుంది. నా చెవి దగ్గర రైలు పోతున్నట్టుంది.

"నమస్కారం సర్" అని మొదలుపెట్టాను.

"సారెవరు? గిది కార్ఖాన. ఈడ సార్లెవ్వరు లేరు."

"మీరే సర్."

ఫోనుకు దూరంగా తిరిగి అరిచాడు. "ఓ మల్లేశం, నేను సారునట."

ఎవరో నవ్వారు. నేను వేలు పెట్టి తర్వాతి ప్రశ్న చదివాను. "మీ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండినవారిలో ఎవరి పుట్టినరోజు ఇటీవల జరిగింది?" ఇది ఎందుకంటే, ఇంట్లో ఒకటే ఫోన్ ఉన్నచోట ఎప్పుడూ ఎత్తేవాళ్లనే అడిగితే మిగతావాళ్లు లెక్కలోకి రారు. చీటీ తీసినట్టు పుట్టినరోజుతో ఒకరిని తీస్తారు. ఈ ఉపాయం కనిపెట్టినవాడు మన ఆధార్ కార్డులు చూసి ఉండడు.

"మా ఇంట్ల అందరికి జనవరి ఒకటే" అన్నాడాయన. "నాకు, మా ఇంటామెకు, మా అన్నకు. కార్డుల గదే ఉన్నది."

"నిజంగా పుట్టింది ఎప్పుడండీ?"

"నాకేమెరుక? అప్పటికి నేను సిన్నోన్ని."

వెనక నుంచి ఒక ఆడ గొంతు వచ్చింది. కండెలు చుట్టే రాట్నం పక్కనే ఉన్నట్టుంది, చక్రం చప్పుడు మాట వెంటే వచ్చింది. "నాది గూడ జనవరి ఒకటేనాయె. మరి నన్నెందుకడుగది?"

"ఫోన్ నేనెత్తినగదనే."

సూపర్‌వైజర్ హెడ్‌ఫోన్ చెవికి తగిలించుకుని మా మాటలు వింటున్నాడు. తల పట్టుకుని, ఎత్తినాయననే తీసుకోమని చేత్తో సైగ చేశాడు. అట్లా ఆయన మా శాంపిల్‌లోకి వచ్చాడు.

ఇక జవాబుల సంగతి. రోడ్ల మీద మొదటి ప్రశ్న చదివానో లేదో, "ఆగు బిడ్డ, అడిగి చెప్త" అన్నాడు. టక్కుమని ఒక సాంచా ఆగింది. తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కటిగా అన్నీ ఆగాయి. రైలు పోయి స్టేషన్ మిగిలినట్టయింది. "రోడ్లు ఎట్లున్నయని అడుగుతున్నరు, ఏమందాం?" అని ఆయన కార్ఖానాను అడగడం నాకు వినిపిస్తూనే ఉంది. వాళ్లు అరుచుకున్నారు. బైపాస్ బాగుందని ఒకరు, మా గల్లీ సంగతి చెప్పమని ఒకరు. ఇంటామె మధ్యలో గల్లీలో పొంగే మురికి మోరీ గురించి చెప్పింది. చివరికి ఆయన ఫోను దగ్గరికి వచ్చి, "కొంత బాగున్నయని రాసుకో. మోరీ సంగతి పక్కకు రాయి" అన్నాడు. మళ్లీ సాంచాలు మొదలయ్యాయి. నేను రెండో ప్రశ్న చదివాను. మళ్లీ ఆగాయి.

ప్రభుత్వానికి పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగినరోజు మరీ అన్యాయం. "మల్లేశం మూడంటున్నడు. మా అన్న ఎన్మిది అంటున్నడు, ఆయనకు మొన్ననే చీరల ఆర్డరచ్చింది. మా ఇంటామె సున్న అంటున్నది గని అది నామీది కోపం. నడుమ నువ్వే చూసి ఏసుకో."

"నేను వేయకూడదండీ. ఇందులో తప్పొప్పులు లేవు. మీరేమనుకుంటున్నారో అదే కావాలి." ఇది కూడా తెర మీద రాసి ఉన్న మాటే.

"తప్పొప్పులు లేకుంటె మరి అడుగుడెందుకు?"

దీనికి తెర మీద ఏమీ లేదు.

కొందరిని ఒక్కసారి అడిగి వదిలేస్తారు. కొందరిని మాత్రం కొన్ని వారాలకోసారి మళ్లీ అడుగుతారు, మనసు మారిందేమో చూడ్డానికి. మళ్లీ చేయవచ్చా అని అడిగితే ఆయన, "చెయ్యి, ఫోన్ నీది, బిల్లు నీది" అన్నాడు. మొదట అడిగినవాళ్లే మళ్లీ అడగాలట, అందుకని ఆయన నా వంతుకు వస్తూనే ఉన్నాడు. బిడ్డా బిడ్డా అంటుంటే ఒకరోజు ఆగలేక, "నాకూ మనవలున్నారండీ" అన్నాను. "గట్లనా, అయితే చెల్లె" అన్నాడు, వెంటనే. మరో నిమిషానికి మళ్లీ బిడ్డే అయ్యాను. టీ తాగుతూ మాట్లాడేవాడు, ఆ జుర్రు చప్పుడులో నాకు సగం జవాబు పోయేది. ఎవరికి ఓటు వేస్తారన్న ప్రశ్న దగ్గర ఆ కార్ఖానాలో ఎప్పుడూ లొల్లే. "ఇయ్యాల వీళ్లకు పడుతలేదు, రేపు చెయ్యి, రాజీ చేసి పెడ్త" అని ఫోన్ పెట్టేసేవాడు.

ఒకసారి రూలు పక్కన పెట్టి అడిగాను. "అందరినీ ఎందుకడుగుతవన్నా? నువ్వు చెప్పరాదు?"

"ఒక్కని మాట ఏం మాట బిడ్డ? మా కులసంఘంల ఒక్కడే లేసి నిలవడి నాకిట్లనిపిస్తున్నదంటె, కూసోరా నీకనిపించుడేందంటరు. అందరనుకున్నదే మాట. నా పెండ్లి గట్లనే అయింది, నా బిడ్డ పెండ్లి గట్లనే అయింది. నేనేసుకునే అంగి రంగు గూడ మా ఇంటామెనే చెప్తది."

"ఎన్నడన్న మంచి రంగు చెప్తే ఏసుకున్నవా?" అని రాట్నం పక్క నుంచి ఆమె.

ఈ ఫోన్లన్నీ రికార్డవుతాయి. సూపర్‌వైజర్ వాటిని విని కొన్నింటిని కొట్టేస్తుంటాడు. ఒకరోజు నన్ను పిలిచి, "అమ్మా, ఈయనది ఇంటర్వ్యూ కాదు, మీటింగు" అన్నాడు. బట్ట నాణ్యత చూడాలంటే థాను మొత్తం విప్పరు, ఓ ముక్క చూస్తారు, ఆ ముక్కలో ఇంకో ఐదు థానుల దారాలు కలిపి కుడితే ఏం తెలుస్తుంది అన్నాడు. ఈసారి కూడా వెనక గొంతులు వినిపిస్తే ఆయన్ని తీసేస్తామన్నాడు. తీసేస్తే మా లెక్కలో సిరిసిల్ల పెద్దమనిషి ఒకరు తగ్గుతారు, ఆ చోటు నింపడం నా వల్ల కాదు. కానీ నిజం చెప్పాలంటే నా బాధ అది కాదు. ఆ గదిలో పొద్దంతా జనం నా చెవిలో ఫోన్ పెట్టేస్తుంటారు. కొందరు తిట్టి పెట్టేస్తారు. ఒక కార్ఖానా మొత్తం పని ఆపి జవాబు చెప్పేది ఆ ఒక్క నంబరులోనే. తీసేస్తే ఆ నంబరు నాకు మళ్లీ రాదు.

తీసేస్తామన్న సంగతి ఆయనకు చెప్పకూడదు. చెబితే జవాబు చెడుతుందట. తెర మీద కొత్త ప్రశ్న ఒకటి చేర్చారు, అదే చదివాను. "మీరు ఇప్పుడు ఒంటరిగా మాట్లాడగలరా?"

"ఒంటరిగెందుకు? నా పక్కకున్నోళ్లు దొంగలా?"

మళ్లీ చదివాను. చదివిందే చదవడం కూడా రూలే.

"నేను ఒక్కన్నే ఉన్నప్పుడెప్పుడు బిడ్డ? నిద్రవోయినప్పుడు గూడ మా అన్న గురక పక్కకే ఉంటది."

ఇక లాభం లేదని తెర మీద లేని మాట అన్నాను. "అన్నా, జెర మిద్దె మీదికి పో. నువ్వొక్కనివే పో."

నా గొంతులో ఏం తెలిసిందో ఆయనకు, లేచాడు. చెప్పులు వెతుక్కున్న చప్పుడు. "ఎటు వోతున్నవ్?" అని ఇంటామె. "గుప్తమే, ఎవ్వరు రాకుండ్రి" అని ఆయన. ఇనుప మెట్లు ఠంగు ఠంగుమన్నాయి. సాంచాల మోత కిందికి జారిపోయి, గాలి వినపడింది, ఎక్కడో పావురాలు. ఆయన ఎగపోస్తున్నాడు.

"ఇగ అడుగు" అన్నాడు. పెళ్లికొడుకు గొంతు.

ప్రభుత్వ పనితీరు ప్రశ్న చదివాను, కామాల దగ్గర ఆగి.

"ఆగు..." అన్నాడు. తర్వాతి మాట రాలేదు. అడగడానికి అక్కడ ఎవరూ లేరు. నేనూ ఆగాను. చాలాసేపు పావురాలే మాట్లాడాయి.

"తప్పొప్పులు లేవండీ" అని చదివాను.

"అదే గద వచ్చిన తిప్పలు. నిజంగనే నాకు తెల్వది."

'చెప్పలేను' నొక్కాను. రోడ్లు అడిగాను. "మల్లేశమైతే..." అని ఆగిపోయాడు. కరెంటు అడిగాను. "కింద ఉంటే చెప్పొస్తుండె" అన్నాడు. పదికి ఎన్ని మార్కులంటే ఒక పావురాన్ని తోలాడు. ఓటు ఎవరికంటే ఎంతసేపటికీ పలకలేదు, లైను పోయిందనుకుని హలో అన్నాను.

"ఉన్న బిడ్డ. ఒక్కన్నే ఉంటె నాకేం తోస్తలేదు. గింత వయసచ్చింది, నా తలకాయల నా ముచ్చట ఒక్కటి లేదా అని చూస్తున్న. దొరుకుతలేదు."

నేను ఏమీ అనకూడదు.

"కిందోళ్లకు చెప్పవు గద?" అన్నాడు, గొంతు తగ్గించి. "పైకెక్కి ఏం చెప్పకుండ దిగిండంటె నవ్వుతరు. మా ఇంటామెకు అసలే చెప్పకు."

తెర మీద దీనికి జవాబు రాసి ఉంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరికీ చదివేదే. ఆ రోజు వేలు పెట్టకుండా చెప్పాను. "మీరు చెప్పిన జవాబులను మేము ఎవరికీ వెల్లడించము."

"సల్లంగుండు" అన్నాడు. ఇనుప మెట్లు మళ్లీ మోగాయి. ఎక్కినప్పటి కంటే గట్టిగా.

ఆ రికార్డు విని సూపర్‌వైజర్ సంతోషపడ్డాడు. "చూశారా అమ్మా, వెనక ఒక్క గొంతు లేదు. ఇది అసలైన ఇంటర్వ్యూ."

"జవాబు కూడా ఒక్కటి లేదు గదా బిడ్డ?"

"'చెప్పలేను' కూడా జవాబే. నలుగురిలో ఉంటే మాట ఉండి, ఒంటరిగా ఉంటే లేదంటే, అది కూడా మనం తెలుసుకోవాల్సిందే కదా."

ఆ మాట నాకు నచ్చింది. కానీ ఆ ముసలాయన ముందు అనకూడని మాట అది. ఏమైతేనేం, ఆయన్ని తీసేయలేదు.

రెండు నెలలు దాటాక వచ్చిన తర్వాతి విడతలో నంబరు రాగానే కుర్చీ సర్దుకుని కూర్చున్నాను. సాంచాలు పలికాయి, రాట్నం పలికింది. ఎత్తింది ఇంటామె. ఆయన్ని పిలవమన్నాను.

"ఆయన లేడక్కా. పోయిండు. గుండె ఆగింది. మొన్ననే నెల మాసికం చేసినం."

తెర మీద ఇట్లాంటప్పుడు చదవాల్సింది ఒకటి ఉంది, మీ సమయానికి ధన్యవాదాలు అని. వేలు దాని మీద పెట్టాను గానీ చదవలేదు. ఆమే అందుకుంది.

"నువ్వు సర్వే ఆమెవే గదా? గొంతెరుకే. బడివిల్ల లెక్క చదువుతవ్."

"అవునమ్మా."

"ఒక్కటడుగుత చెప్తవా? ఆనాడు మిద్దెక్కి నీకేం జెప్పిండు?"

నా వేలు ఇంకా ఆ ధన్యవాదాల మీదే ఉంది.

"దిగొచ్చినంక ఆ మనిషి నడకనే మారింది. మెడ లేపుకొని తిరిగిండు. ఏం జెప్పినవంటే, గుప్తమే అన్నడు. మల్లేశం కల్లు తాపిచ్చి అడిగిండు, చెప్పలే. వాళ్లన్న దేవుని మీద ఒట్టేసి అడిగిండు, చెప్పలే. దవాఖానల మంచం మీద నేనడిగిన. అప్పుడన్న చెప్పాలెనా వద్దా? నవ్విండు గంతే. నలభయ్యేండ్ల సంసారంల నాకు తెల్వకుండ దాసుకున్నది గదొక్కటే అక్కా. ఏమన్నడు? ఎవరి గురించన్నడు?"

సాంచాలు ఆగుతున్నాయి, ఒక్కొక్కటిగా. అందరూ దగ్గరికి వచ్చినట్టున్నారు. మల్లేశం దగ్గు నాకు తెలుసు. ఫోను చుట్టూ ఊపిర్లు వినపడుతున్నాయి.

నేను ముక్కుసూటి మనిషిని. నా కోడలిని అడగండి. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, ఆ వేళ చెప్పాలని కూడా లేదు.

"చెప్పొద్దని రూలుందమ్మా" అన్నాను. "గని ఒక్క మాట చెప్త. ఎవ్వరినీ అడగకుండ చెప్పిండు."

ఆమె ఫోను మరో చెవికి మార్చుకున్న చప్పుడు.

"ఎవ్వర్నా?"

"ఎవ్వర్ని."

"అన్నిటికా?"

"అన్నిటికి. ఒక్కడే నిలబడి."

ఆమె ఫోనుకు దూరంగా తిరిగింది. "ఎవ్వర్నడగకుండ చెప్పిండటనే. అన్నిటికి." ఆ మాట పగిలి మధ్యలో నవ్వయింది, నవ్వు మధ్యలో ముక్కు చీదింది. అంతే, కార్ఖానా లేచింది. నేను అనలేదా అని మల్లేశం. ఆయన ఓటు ఎటో నాకు మొదటినుంచి తెలుసని వాళ్లన్న. అటు కాదు, ఇటు అని ఇంకెవరో. రోడ్లకు సున్నా వేసి ఉంటాడని ఒకరు, పది వేసే మనిషని ఒకరు. వాళ్లలో వాళ్లు ఆయన తరఫున ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పుకుంటున్నారు, అరుచుకుంటూ. నేను ఫోన్ పెట్టేయలేదు. సూపర్‌వైజర్ అటు నుంచి చూసి ఏమిటన్నట్టు చేయి తిప్పాడు. ఆగమని నేనూ చేయి చూపించాను.

చాలాసేపటికి ఇంటామె మళ్లీ ఫోను దగ్గరికి వచ్చింది.

"ఇగ ఇయ్యాలటికి వీళ్ల లొల్లి తెగదక్కా. నాది గూడ జనవరి ఒకటే, యాదున్నది గదా. మల్లొకసారి చెయ్యి."

పెట్టేశాక తెర మీద గళ్లు వచ్చాయి. ఎత్తలేదు, స్విచాఫ్, వద్దన్నారు, మళ్లీ చేయమన్నారు. మనిషి పోయాడన్నదానికి గడి లేదు. ఉన్నవాటినే వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాను. మళ్లీ చేయమన్నారు, నొక్కాను. ఆమె అన్నది అదే.